నాలుగో పేజీ చివరి వరస

మూంటా, దక్షిణ ఆస్ట్రేలియా, 1888

జనవరి 9, సోమవారం

కొత్త డైరీ కొనలేదు. అచ్చు చెడిన కాగితాల వెనకవైపు ఖాళీగానే ఉంటుంది కదా, వాటినే మడిచి కుట్టాను. ఈ పేజీకి అవతలి వైపు మేకల వేలం ప్రకటన ఉంది. నా గోడు ఒకవైపు, మేకల గోడు ఒకవైపు.

ఈ రోజు నాన్న కుడిచెయ్యి టీ కప్పు కూడా ఎత్తలేదు. మణికట్టు దగ్గర వేలాడిపోతోంది. డాక్టరు పాత పాటే పాడాడు. నలభై ఏళ్లు సీసం అక్షరాలు పట్టుకున్న చెయ్యి ఇంతేనట, పాలు తాగి పనికి దూరంగా ఉండాలట. నాన్న పాలైతే తాగాడు. తర్వాత నేరుగా వెళ్లి అక్షరాలుండే గళ్ల కేసు ముందు కూర్చున్నాడు, ఏదో తోచక కూర్చున్నట్టు.

మా పత్రికలో ఆయన వాటా రెండు కాలమ్‌లకూ నేను తెల్లవారుజామునే లేచి అక్షరాలు కూర్చేశాను. ఎనిమిదింటికి మా పనివాళ్లు పాస్కో బాబాయ్, ఈనస్ వచ్చేసరికి వంటింట్లో, మాంసం కూరి కాల్చే పేస్టీలకు పిండి పిసుకుతున్నాను. గోళ్ల కింద సిరా పూర్తిగా పోదు. మా ఇంటి పేస్టీలు కాస్త నల్లగా ఉంటాయని ఊళ్లో అనుకుంటే అనుకోనీ.

మూడేళ్ల కిందట అచ్చు పనివాళ్ల సంఘం ఈ గనుల ఊళ్లలోకి అడుగుపెట్టినప్పటి నుంచి ఆడదాని చెయ్యి కేసు మీద పడకూడదు. అంతకు ముందు పదకొండేళ్లు పడిన చేతిని ఏం చెయ్యాలో మాత్రం సంఘం చెప్పలేదు.

వచ్చే వారానికి నాన్న చెయ్యి కుదురుకుంటుంది. అప్పటిదాకానే.

జనవరి 14, శనివారం

మా ‘గనిగంట’ పత్రిక వేళకు వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు.

జనవరి 22, ఆదివారం

ప్రార్థన అయ్యాక బోధకుడు గుమ్మంలోనే నాన్నను పట్టుకున్నాడు.

“ట్రెనరీ గారూ, గని కెప్టెన్ గారి తల్లి పోయినప్పుడు మీరు రాసింది చదివి మా ఆవిడ రెండు రుమాళ్లు తడిపేసిందండీ. అది మీరు రాసింది కాదు, దేవుడు మీ చేత రాయించింది.”

“ఏదో, మీ అభిమానం,” అన్నాడు నాన్న.

రాసింది నేను. దేవుడు ఆ సమయానికి మా వంటింట్లోకి వచ్చిన జాడ లేదు. అక్కడ ఉన్నది నేనూ, ఉడుకుతున్న టర్నిప్‌లూ.

ఇంటికి నడుస్తుంటే నాన్న, “ఇవాళ ఎండ దంచేస్తోందే,” అన్నాడు. అవును నాన్నా అన్నాను. పేరుదేముంది, మాట చేరాల్సిన వాళ్లకు చేరింది. దారిపొడుగునా ఆ మాటే అనుకుంటూ వచ్చాను. మా గేటు తీసేటప్పటికి నాలుగోసారి.

ఫిబ్రవరి 2, గురువారం

ఈనస్ ఈ రోజు ఛాతీ విరుచుకుని తిరిగాడు. వాడికి వాయించి ఏడేళ్లయిందట.

నాకు గుర్తు లేకేం! పద్నాలుగేళ్ల కిందట ఇద్దరం ఒకే వారంలో పని మొదలుపెట్టాం. ఇద్దరికీ పద్నాలుగేళ్లే. మొదటిరోజు నాన్న మమ్మల్ని కేసు ముందు నిలబెట్టి ‘జె’ తీయమన్నాడు. ఈనస్ ‘ఐ’కీ ‘కె’కీ మధ్య తెగ వెతికాడు. కొత్తవాళ్లందరూ అక్కడే వెతుకుతారు. కేసు పుట్టిన కాలానికి ‘జె’ ఇంకా పుట్టలేదు. ఆలస్యంగా వచ్చింది కాబట్టి ‘జెడ్’ తర్వాత, వరస చివర చోటిచ్చారు. నేను ఊయలలోంచి చూస్తూ పెరిగిన కేసు అది. కళ్లు మూసుకుని తీసిచ్చాను. నాన్న నవ్వాడు.

ఏడేళ్లకు ఈనస్ పని నేర్చుకునే గడువు తీరింది. ఆ రోజు సుత్తులు, ఇనప చట్రాలు, బొగ్గు బక్కెట్లు, ఏది దొరికితే దానితో చెవులు పగిలేలా వాయించారు. అచ్చు పనివాడు తయారయ్యాడని వీధి వీధంతా తెలియాలి, అదీ ఆచారం. పాస్కో బాబాయ్ కొట్టిన దెబ్బలకు, పేజీలు పేర్చే అచ్చు బండ అంచు పెచ్చు లేచింది, ఇప్పటికీ ఉంది. నా గడువూ అదే వారం తీరింది. నేను కుంకుమపువ్వు కేకు కోశాను. ముక్కలన్నీ సమానంగా వచ్చాయని అందరూ మెచ్చుకున్నారు.

అది పాత సంగతి. నాకేం లేదు.

ఫిబ్రవరి 11, శనివారం

పరువు పోయింది.

నిన్న పాస్కో బాబాయ్ సంఘం సమావేశానికి పక్క ఊరు కడీనా వెళ్లాడు. పేజీలు బండ మీద పేర్చే పని ఎప్పుడూ ఆయనది. సాయంత్రం నాన్న వంటింటి గుమ్మంలోకి వచ్చి, “నేను పేరుస్తాను. ఎత్తడానికి సాయం పట్టు, చాలు. ఎక్కడ పెట్టాలో నాకు చెప్పకు,” అన్నాడు. ఆయన ముఖం చూసి ఏమీ చెప్పలేదు. మా ఇద్దరి చేతులతో పేజీలు ఎత్తాం, ఆయన చూపించిన చోటే పెట్టాను.

అచ్చు బండ అద్దం లాంటిది. కాగితం మీద ఎడమకు రావాల్సిన రెండో పేజీని బండ మీద కుడివైపు పెట్టాలి. నలభై ఏళ్లు అలాగే పెట్టిన మనిషి నిన్న చదివేవాడిలా పెట్టాడు, రెండు ఎడమకు, మూడు కుడికి. నేను చూశాను. చూసి కూడా, ఆయనకు తెలియదా అనుకున్నాను. అనుకోవాలనిపించింది కాబట్టి అనుకున్నాను.

ఈనస్ పొద్దున్నే ఏడు వందల కాపీలూ తీసేశాడు. క్రికెట్ స్కోరు తప్ప వాడు ఏదీ చదవడు. ఇప్పుడు పత్రిక విప్పితే ముందు మూడో పేజీ, ఆ తర్వాత రెండోది. మిస్ రోడ్డా పెళ్లి వార్త మధ్యలో మొదలవుతోంది, వెతుక్కుంటూ పోతే పెళ్లికూతురు గుర్రబ్బండి దిగగానే గొర్రెల మందులు ఎదురొస్తున్నాయి. సంతలో ఎవడో దాన్ని పైకి చదువుతుంటే జనం పొట్టలు పట్టుకున్నారు.

నాన్న పెరట్లో నీళ్ల ట్యాంకు పక్కన కూర్చున్నాడు. మధ్యాహ్నం భోజనానికి రాలేదు.

ఫిబ్రవరి 13, సోమవారం

పాస్కో బాబాయ్ పత్రికను బండ మీద పరిచి నిలబడ్డాడు. ఈనస్ గోళ్లు కొరుక్కుంటున్నాడు. నాన్న నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి ఏం రాబోతోందో నాకు తెలుసు. ఏళ్ల తరబడి తన కింద పనిచేసిన మనుషుల ముందు ఆ మాట ఆయన నోటితో అనకూడదు అనుకున్నాను.

“తప్పు నాది బాబాయ్. నేనే పేర్చాను,” అన్నాను.

పాస్కో బాబాయ్ కళ్లజోడు తీశాడు. “ఎందుకన్నావే పిల్లా ఆ మాట?”

“నిజం కాబట్టి.”

“నిజమా! పద్నాలుగు నెలల్నుంచి ఈ కాలమ్‌లు ఎవరు కూరుస్తున్నారో నాకు తెలీదనుకున్నావా? మీ నాన్న చుక్క తర్వాత గుర్రం పట్టేంత జాగా వదుల్తాడు. నువ్వు బియ్యపుగింజ పట్టేంత. కళ్లున్నోడికి చేతిరాతే అది. అయినా నువ్వు నోరిప్పనంత కాలం నాకు తెలీదు. ఇప్పుడు ఈనస్ ముందు అనేశావు. నాకు తెలిసిపోయింది!”

ఈనస్ అన్నాడు, “నేను చెవులు మూసుకుంటాలే బాబాయ్.”

“ఎప్పుడ్రా, ఇప్పుడా? శుక్రవారం నాడే తీర్మానం చేశారమ్మాయ్. ఆడమనిషి కూర్చిన చోట సంఘంవాడు పనిచెయ్యకూడదు. చేస్తే దక్షిణ ఆస్ట్రేలియాలో ఇంకెక్కడా పని పుట్టదు. నాకు ఆరుగురు పిల్లలు.”

ఇద్దరూ ఏప్రన్‌లు విప్పి మేకుకు తగిలించారు. వెళ్తూ వెళ్తూ పాస్కో బాబాయ్ బండ అంచున పెచ్చు లేచిన చోట ఓసారి వేలితో రాశాడు.

నాన్న ఒక్క మాట మాట్లాడలేదు. నాతో కూడా.

ఫిబ్రవరి 14, మంగళవారం

మాట్లాడాడు. మాట్లాడకపోయినా బాగుండేది.

జొసాయాకు ఉత్తరం రాయమన్నాడు. నా తమ్ముడు అడిలైడ్‌లో బట్టల కొట్లో గుమాస్తా. సీసం వాసన వాడికి చిన్నప్పటి నుంచీ పడదు. అచ్చువేసే వాళ్ల పేరు నాలుగో పేజీ చివరి వరసలో ఉండాలి, ఆ పేరుగల మనిషి మేజిస్ట్రేటు ముందు సంతకం పెట్టాలి, అది చట్టం. ఈ నెలాఖరుకు మళ్లీ పెట్టాలి. నాన్న చేతిలో కలం నిలవదు. అందుకని ఇకమీదట జొసాయా పేరు. వాడు వచ్చేదాకా పత్రిక మూత.

“రెండు శనివారాలు రాకపోతే పత్రిక చచ్చిందనుకుంటారు నాన్నా.”

“తప్పుడు పత్రిక కంటే చచ్చిన పత్రిక నయం.”

ఆ తప్పు ఎవరిదని నేను అడగలేదు. ఉత్తరం నేనే రాశాను, మంచి దస్తూరీతో. పేరుదేముంది.

ఫిబ్రవరి 16, గురువారం

శనివారం పత్రిక వస్తుంది. మూత లేదు, ఏం లేదు. నాన్నకు చెప్పలేదు, ప్రెస్సు చప్పుడే చెప్తుంది.

కూర్చడానికి నేను చాలు. ప్రెస్సు చక్రం లాగడానికి ఒకళ్లు కావాలి. మా ఎదురింటి థర్జా వదినను అడిగాను. ఆవిడ భర్త గనిలో పోయాడు, తొమ్మిదేళ్లుగా ఊరందరి దుప్పట్లూ ఉతికి పిండుతోంది.

“నా మొగుణ్ణి గని మింగింది, నా నడుం బట్టల తొట్టి మింగింది. ఇంక నీ ఇనప భూతం ఏం మింగుద్దో కానీ పద,” అంది. చేతులు పైకి మడిచింది. ఈనస్‌వి రెండు చేతులు కలిపితే ఆవిడది ఒకటి అవుతుంది.

ఫిబ్రవరి 18, శనివారం

వచ్చింది! రెండు పేజీలే, అయినా వచ్చింది. అచ్చు తప్పు ఒక్కటి లేదు. థర్జా వదిన పిడి లాగుతుంటే ప్రెస్సు మూలిగింది. “అరుస్తావేంటే, నీకంటే మా ముసలి మేకే నయం,” అని దాన్ని తిడుతూ ఐదు వందలు లాగింది.

తడి కాగితం వెలుగులోకి పట్టుకుని చూసింది. ఆవిడకు చదువు రాదు.

“నీ పేరు ఎక్కడుందే ఇందులో?”

“లేదు వదినా.”

“నాది ఎలాగూ ఉండదు. పోనీ మీ నాన్నది?”

“అడుగున ఉంది. ఇదిగో, ఈ వరస.”

“ఆయన ఇవాళ గదిలోంచి బయటికే రాలేదు కదే!”

నేను సిరా కలుపుతున్నట్టు అటు తిరిగాను.

పాస్కో బాబాయ్ ఒక కాపీ కొన్నాడు. వీధి అవతల ఎండలో నిలబడి వేలు పెట్టి వరస వరసా చదివాడు. పత్రికను నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపల పెట్టుకున్నాడు.

ఫిబ్రవరి 22, బుధవారం

జొసాయా వచ్చాడు. మెరిసే బూట్లు, కొత్త టోపీ. మంచివాడే, వాణ్ణి తిట్టాలన్నా తిట్టలేను.

“అక్కా, ఇందులో గొడవేముంది? పేరు నాది, పని నీది. తెల్లారుజామున దొంగలా లేవక్కర్లేదు. సంఘంవాళ్లు అడిగితే నేను మాట్లాడతా. నీకేం పోతుంది చెప్పు?”

“ఏం పోతుంది,” అన్నాను. సరే అన్నాను.

ఫిబ్రవరి 23, గురువారం, పొద్దున

సరే అని ఎందుకన్నాను?

పోతుంది. చాలా పోతుంది. రాసుకునేది నా కోసమే కదా, ఇక్కడైనా అబద్ధం ఎందుకు? నాన్న చెయ్యి వచ్చే వారానికి కుదురుకోదు. ఎప్పటికీ కుదురుకోదు, నాకు పద్నాలుగు నెలలుగా తెలుసు. పేరుదేముంది అని వందసార్లు అనుకున్నది పేరు అక్కర్లేక కాదు. నాకు కావాలి. ఆ చివరి వరసలో నా పేరు కావాలి. బోధకుడు, కెప్టెన్, సంఘంవాళ్లు, గొర్రెల మందులవాడు అందరూ చదవాలి.

ఇప్పుడు లేచి వెళ్లి నా తమ్ముడి పేరు కూర్చాలి.

అదే రోజు, సాయంత్రం

జరిగినదంతా రాసిపెట్టాలి. ఒక్క మాటా వదలకుండా.

నేను అక్షరాలు పేర్చుకునే ఇనప స్టిక్ అందుకోబోతుంటే నాన్న వచ్చాడు. పదిరోజుల తర్వాత అచ్చుగదిలో అడుగుపెట్టడం అదే. “ఆగు. ఈ ఇంట్లో ప్రింటరు ఎవడైనా మొదట తన పేరు తనే కూర్చుకుంటాడు. మా నాన్న నా చేత అలాగే చేయించాడు. జొసాయా, కూర్చు.”

జొసాయా నవ్వుతూ కోటు విప్పాడు. స్టిక్‌ను తలకిందులుగా పట్టుకున్నాడు. వేలు ‘ఐ’ గడి మీద పెట్టాడు, పక్క గడిలో చెయ్యి పెట్టాడు, ‘కె’ వచ్చింది. మళ్లీ వెనక్కి. మళ్లీ ముందుకి. కిందికి వంగి చూశాడు.

“నాన్నా, ఇందులో ‘జె’ లేదు. పెట్టె సగమే నింపినట్టున్నారు.”

నేను చెప్పొచ్చు. చెప్పలేదు. రెండు చేతులూ ఏప్రన్ కింద పెట్టుకుని నిలబడ్డాను. దేవుడు నన్ను క్షమించాలి, చాలా హాయిగా అనిపించింది.

నాన్న చాలాసేపు వాణ్ణే చూశాడు. జొసాయా తన పేరులోని మొదటి అక్షరం కోసం ఇంకా వెతుకుతున్నాడు.

“కెజియా. స్టిక్ తీసుకో. నేను చెప్తాను, కూర్చు.”

తీసుకున్నాను. నాన్న కళ్లు మూసుకుని చెప్పాడు.

“ఈ నెల పదకొండో తేదీ సంచికలో పేజీలు తారుమారు చేసినది నేను, జేబెజ్ ట్రెనరీని. నా కూతురు ఆ తప్పు తన మీద వేసుకుంది...”

“నాన్నా, ఇది వద్దు.”

“చెప్పింది కూర్చడం కంపోజిటర్ పని. వద్దనడం కాదు. ఎక్కడున్నాం? ఆ తప్పు తన మీద వేసుకుంది. గత పద్నాలుగు నెలలుగా ఈ పత్రికలో తప్పు లేకుండా వచ్చిన ప్రతి వరసా ఆమె కూర్చినది. కెప్టెన్ గారి తల్లి మరణవార్త కూడా ఆమె రాసినదే. మెచ్చుకోలు నేను పుచ్చుకున్నాను. తిరిగి ఇచ్చేస్తున్నాను.”

కళ్ల నిండా నీళ్లు. గళ్లు కనబడలేదు. వేళ్లకు కళ్లతో పని లేదు, వాటి దారిన అవి కూర్చుకుంటూ పోయాయి.

“ఇప్పుడు చివరి వరస,” అన్నాడు.

నా చెయ్యి అలవాటుగా ‘జెడ్’ దాటి వరస చివరికి వెళ్లింది.

“అటెక్కడికి?”

“జొసాయా పేరుకి నాన్నా. ‘జె’.”

“‘జె’ అక్కర్లేదు. ‘కె’ తియ్యి.”

‘కె’ తీసి స్టిక్‌లో పెట్టాను. నాన్న ఎడమచేత్తో నా తల నిమిరాడు. నా జుట్టుకు సిరా అయింది, కడుక్కోలేదు. అందరికంటే ముందు ఊపిరి పీల్చుకున్నది జొసాయా. “హమ్మయ్య! అక్కా, నాకు ఈ వాసనకే డోకు వస్తోంది. సోమవారం బండికి వెళ్లిపోనా?” అన్నాడు.

ఫిబ్రవరి 24, శుక్రవారం

మేజిస్ట్రేటు గారి గుమాస్తా కలం గాల్లోనే ఆపేశాడు.

“ఆడమనిషి పేరా? అలా కుదరదండీ.”

“ఎక్కడ రాసుందో చూపించండి బాబూ,” అన్నాడు నాన్న.

గుమాస్తా చట్టం పుస్తకం ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకి తిప్పాడు. మేజిస్ట్రేటు గారు గడియారం చూసుకున్నారు. “దొరికిందా?” “లేదండీ.” “అయితే రాయవయ్యా. వచ్చే వారం పత్రిక రాకపోతే మా ఇంట్లో కథ తర్వాతి భాగం కోసం నా ప్రాణం తీస్తారు.”

సంతకం పెట్టాను. కెజియా ట్రెనరీ. సిరా మచ్చ పడలేదు.

ఫిబ్రవరి 25, శనివారం

నాలుగు పేజీలూ బండ మీద నేనే పేర్చాను. నాన్న పక్కన నిలబడి చూశాడు. థర్జా వదిన ఏడు వందలూ లాగి, “చాలా? ఇంకో వంద లాగమంటావా?” అంది.

తొమ్మిదింటికి తలుపు తీశాను. మొదటి కాపీ పాస్కో బాబాయ్ కొన్నాడు, వెనకే ఈనస్. బాబాయ్ నాన్న రాయించింది చదివాడు. తిప్పి, నాలుగో పేజీ అడుగున చివరి వరస చదివాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు. లోపలికి వచ్చి కొయ్యసుత్తి అందుకున్నాడు.

“బాబాయ్, ఇక్కడ పనిచేస్తే సంఘం...”

“పని చెయ్యొద్దన్నారు. వాయించొద్దని ఎవడన్నాడు? పద్నాలుగేళ్లు! ఒకటికి రెండు గడువులు తీరినయ్యి ఈ పిల్లకి. ఒరేయ్ ఈనస్, నిలబడి చూస్తావేంట్రా, చట్రం తియ్యి!”

కొట్టాడు. బండ మోగింది. ఈనస్ ఇనప చట్రం మీద, థర్జా వదిన ఇంటికి పరుగెత్తి తెచ్చిన బట్టల కాగు మీద, జొసాయా మెరిసే బూటుతో బొగ్గు బక్కెట్ మీద. నాన్న మణికట్టు లేవలేదు. మోచెయ్యి లేచింది. ఆ మోచేత్తోనే తలుపు మీద దబదబా కొట్టాడు, ఏడుస్తూ, నవ్వుతూ. వీధిలో గుర్రాలు బెదిరాయి. రాత్రి షిఫ్టు దిగి వస్తున్న గనివాళ్లు ఆగి, ఎవరి గడువు తీరిందని అడిగారు.

“కెజియా ట్రెనరీది!” అని పాస్కో బాబాయ్ అరిచాడు.

బండకు రెండో పెచ్చు లేచింది, మొదటిదాని పక్కనే.

కుంకుమపువ్వు కేకు ఈనస్ కోశాడు. ఒక్క ముక్కా సమానంగా రాలేదు.